సోమరితనపు క్రిమి, బడిపిల్లల తగరపు డబ్బాలు

1910 తరువాత నాలుగైదేళ్ళపాటు అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెబడులలో పిల్లలకు ఒక వింత ఇంటిపని పడేది. మూత బిగుతుగా ఉండే చిన్న తగరపు డబ్బాను ఇంటికి తీసుకుపోవాలి. తమ మలాన్ని రవ్వంత అందులో ఉంచి, పేరు రాసి, మళ్ళీ తెచ్చి అప్పగించాలి. ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నవారు ఆ డబ్బాలలో వెదికేది ఒక్కదానికోసమే: కొంకిపురుగు గుడ్లు. ఫలితం కొన్నాళ్ళకు పిల్లవాడి ఇంటికి చేరేది. ఆరోగ్యశాస్త్రం అనే మాట ఆ గడప తొక్కడం, చాలా ఇళ్ళలో, అదే మొదటిసారి అయి ఉండాలి.

జాన్ ఎట్లింగ్ రాసిన ‘ది జెర్మ్ ఆఫ్ లేజీనెస్’ (హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్, 1981) ఈ ఉద్యమపు చరిత్ర. రాక్‌ఫెల్లర్ దాతృత్వాన్ని గురించిన గ్రంథంగా దానికి పేరు. దాన్ని పల్లెబడుల చరిత్రగా చదివితే మరొక కథ పైకి తేలుతుంది. పిల్లలకు శుభ్రత నేర్పితే ఊరు బాగుపడుతుందన్న నమ్మకం ఎంతవరకు నిజం, ఎక్కడ ఆగిపోతుంది అన్న ప్రశ్నకు ఇంత పెద్ద ఎత్తున, ఇంత వివరంగా జవాబు దొరికే సందర్భాలు చరిత్రలో ఎక్కువగా లేవు.

కొంకిపురుగు జీవితం వైద్య విద్యార్థులందరూ పరీక్షకోసం బట్టీ పట్టేదే. రోగి మలంతో గుడ్లు నేలమీద పడతాయి. తేమ, నీడ, వెచ్చదనం ఉన్న మట్టిలో అవి పొదిగి డింభకాలవుతాయి. చెప్పులులేని పాదం ఆ మట్టిమీద పడితే చర్మంలోంచి దూరి, నెత్తురులో కలిసి, ఊపిరితిత్తులు చేరి, గొంతులోకి ఎగబాకి, మింగినప్పుడు పేగులలోకి దిగుతాయి. అక్కడ పేగు గోడను కరిచిపట్టుకుని ఏళ్ళ తరబడి నెత్తురు తాగుతాయి. చర్మం గుండా ప్రవేశిస్తాయన్న సంగతి బయటపడింది కూడా ఒక పొరపాటువల్లనే. కైరోలో పనిచేస్తున్న ఆర్థర్ లూస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడి చేతిమీద డింభకాలున్న నీటిచుక్క ఒలికింది. ఆ చోట దురద పుట్టింది. కొన్ని వారాల తరువాత ఆయన మలంలోనే గుడ్లు కనిపించాయి. అది 1890ల చివరి మాట.

ఒక్కొక్క పురుగు తాగే నెత్తురు చుక్కలో లవలేశం. పదులూ వందలూ చేరినప్పుడు, పెరిగే పిల్లవాడికి తిండి అంతంతమాత్రమైనప్పుడు, లెక్క మారిపోతుంది. ముఖం పాలిపోతుంది, పొట్ట ముందుకొస్తుంది, వీపున రెక్కల ఎముకలు పొడుచుకొస్తాయి, చూపు నిస్తేజమవుతుంది. పిల్లవాడు ఎత్తు పెరగడు, పాఠం తలకెక్కదు, నాలుగడుగులు నడిస్తే ఆయాసం. కొందరు మట్టి తింటారు. మన్ను తిన్న బిడ్డ నోట్లో యశోదకు బ్రహ్మాండం కనిపించింది. ఆ కథ వింటూ పెరిగి వైద్యం చదివినవారికి మాత్రం అక్కడ ఇనుము లోపించిన రక్తం కనిపిస్తుంది. అమెరికా దక్షిణాదిలో ఆ బిడ్డలకు దొరికింది యశోద చూపూ కాదు, వైద్యుడి చూపూ కాదు. ‘మట్టి తినేవాళ్ళు’ అన్నది అక్కడ పేద తెల్లవారికి తిట్టుపేరు. వాళ్ళు పుట్టుకతోనే సోమరులనీ, ఆ రక్తమే అంతనీ చదువుకున్నవారు కూడా నిశ్చింతగా నమ్మేవారు. పల్లెబడి ఉపాధ్యాయురాలి దృష్టిలో వెనక బల్లమీద తూగే పిల్లవాడు మొద్దు, అంతే.

ఆ నమ్మకాన్ని కదిలించినవాడు చార్లెస్ వార్డెల్ స్టైల్స్. ఆయన వైద్యుడు కాడు, జంతుశాస్త్రజ్ఞుడు. లైప్జిగ్‌లో ల్యూకార్ట్ దగ్గర పరాన్నజీవులను గురించి చదువుకుని వచ్చి, అమెరికా వ్యవసాయశాఖలో పశువుల పురుగులమీద పనిచేశాడు. 1899లో బెయిలీ ఆష్‌ఫర్డ్ అనే సైనిక వైద్యుడు ప్యూర్టో రికోలో పాలిపోయి చనిపోతున్న కూలీల పేగుల్లో కొంకిపురుగును కనిపెట్టాడు. 1902లో స్టైల్స్ అది ఐరోపా పురుగు కాదనీ, వేరే జాతి అనీ తేల్చాడు. తరువాత దానికి స్థిరపడిన ‘నెకేటర్ అమెరికానస్’ అన్న పేరుకు అర్థం అమెరికా హంతకి. అదే ఏడు ఆయన దక్షిణాది పల్లెలు తిరిగి, ఇసుకనేలల జిల్లాలలో ఈ వ్యాధి ఇంటింటా ఉందని డిసెంబరులో వాషింగ్టన్‌లో జరిగిన ఒక సభలో వివరించాడు. మరునాడు ‘న్యూయార్క్ సన్’ పత్రిక సోమరితనపు క్రిమి దొరికిందంటూ శీర్షిక పెట్టింది. దేశమంతా నవ్వుకుంది. కార్టూన్లు వచ్చాయి. నవ్వులాటే అయినా ఆ పేరువల్లనే వ్యాధి అందరి నోళ్ళలో పడింది. ఆ పేరువల్లనే దక్షిణాది జనానికి ఒళ్ళు మండింది కూడా.

ఆరేళ్ళపాటు ఎవరూ డబ్బిచ్చినవారు లేరు. 1908లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ పల్లెజీవనంపై నియమించిన సంఘంతోపాటు స్టైల్స్ రైలులో ప్రయాణిస్తున్నాడు. ఒక స్టేషను ప్లాట్‌ఫారంమీద వంకర నడకతో, పాలిపోయిన ముఖంతో ఒక మనిషి కనిపించాడు. అయోవానుంచి వచ్చిన సభ్యుడొకరు ఆ మనిషి ఎవరని ఆశ్చర్యపోతే, స్టైల్స్ అది కొంకిపురుగు వ్యాధి కావచ్చనీ, అర్ధ డాలరు మందుతో నయమవుతుందనీ చెప్పాడట. ఆ మాట విన్న మరొక సభ్యుడు వాల్టర్ హైన్స్ పేజ్, నార్త్ కరొలైనావాడు, పేరున్న సంపాదకుడు. ఆయన స్టైల్స్‌ను రాక్‌ఫెల్లర్ సలహాదారుల దగ్గరకు చేర్చాడు. 1909 అక్టోబరులో రాక్‌ఫెల్లర్ పది లక్షల డాలర్లు ప్రకటించాడు. కొంకిపురుగు నిర్మూలనకు ఐదేళ్ళ కాలపరిమితితో ఒక కమిషన్ ఏర్పడింది.

దాని నడిపింపు స్టైల్స్ చేతికి రాలేదు. నాష్‌విల్‌లో తత్త్వశాస్త్రం చెప్పే ఆచార్యుడు, దక్షిణాది బడుల అభివృద్ధికి పాటుపడుతున్న విక్లిఫ్ రోజ్ కార్యదర్శి అయ్యాడు. ఒక వ్యాధిని నిర్మూలించే పనికి వైద్యుడూ కాని, శాస్త్రజ్ఞుడూ కాని బడిపంతులును ఎన్నుకోవడం అప్పట్లో చాలామందికి వింతగా తోచి ఉంటుంది. ఎట్లింగ్ పుస్తకం చదివాక మాత్రం అంతకన్న తెలివైన నియామకం మరొకటి ఉండేది కాదనిపిస్తుంది. ఆ రోజుల్లో దక్షిణాది పల్లెలలో ప్రభుత్వం అనదగ్గది ఏదైనా ఉంటే అది బడి. రాష్ట్ర ఆరోగ్యశాఖలు పేరుకు మాత్రమే ఉండేవి. జిల్లాకొక పూర్తికాలపు ఆరోగ్యాధికారి అన్న ఆలోచన అప్పుడప్పుడే పుడుతోంది. ఊరూరా ఉన్నది బడి, బడిలో పంతులమ్మ, ఆమె ముందు ఊరివాళ్ళ పిల్లలు. రోజ్ అక్కడినుంచే మొదలుపెట్టాడు.

పదకొండు రాష్ట్రాలలో, ఆరువందలకు పైగా కౌంటీలలో బడిఈడు పిల్లలను పరీక్షించారు. నూటికి సుమారు నలభై మందిలో పురుగు బయటపడింది. ఇసుకనేలల తీరప్రాంతాలలో కొన్ని బడులలో పురుగులేని పిల్లవాడిని వెదుక్కోవలసి వచ్చింది. వైద్యులు బడులకు వచ్చి దీపపు పెట్టెతో గోడమీద బొమ్మలు చూపించేవారు. వైద్యానికి ముందూ తరువాతా తీసిన పిల్లల ఫోటోలు ఊరూరా తిరిగాయి. వేసవి శిక్షణశాలలలో ఉపాధ్యాయులకు పాఠాలు జరిగాయి. పాఠం సారం సులభమే: ఆరుబయట కూర్చోవద్దు, కాలికి చెప్పులు వేసుకోండి, మరుగుదొడ్డి కట్టమని నాన్నకు చెప్పండి.

1910 చివరినుంచి ఊళ్ళలో ఉచిత వైద్యశిబిరాలు వెలిశాయి. వాటిని గురించిన వర్ణనలు చదువుతుంటే మన తిరునాళ్ళే గుర్తుకొస్తాయి. బండ్లమీద, పడవలమీద, కాలినడకన కుటుంబాలకు కుటుంబాలే చేతుల్లో డబ్బాలు పట్టుకుని వచ్చేవి. వంటలు మూటగట్టుకుని వచ్చి చెట్లకింద విందులు చేసుకునేవారు, కీర్తనలు పాడుకునేవారు. వైద్యుడు బల్లమీద సూక్ష్మదర్శిని పెట్టి, వరుసలో ఒక్కొక్కరినీ పిలిచి, తమ డబ్బాలోని గుడ్లను తమ కళ్ళతోనే చూడనిచ్చేవాడు. పక్కన సీసాలలో అసలు పురుగులు. ఉపన్యాసం నమ్మనివాడు కంటిని నమ్మాడు. అంతవరకు తన బిడ్డ సోమరి అని తల వంచుకున్న తండ్రికి, ఆ సోమరితనం అరంగుళం కూడా లేని ఒక పురుగు అనీ, అదిగో సీసాలో ఉందనీ తెలియడం ఎంతటి ఊరటో ఊహించవచ్చు. ఈ ఉద్యమం నేర్పిన పాఠాలన్నిటిలోనూ పిల్లలకు ఎక్కువ మేలు చేసినది బహుశా ఇదే. శుభ్రతకు దీనితో నేరుగా సంబంధం కూడా లేదు.

ఇచ్చిన మందు థైమాల్. తెలుగు ఇళ్ళలో దాని పేరు వాముపువ్వు. వాముగింజలనుంచి తీసే పదార్థమే అది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు భారతదేశంనుంచి వాము జర్మనీకి ఎగుమతి అయ్యేది, అక్కడి కర్మాగారాలలో వాముపువ్వుగా మారి ప్రపంచమంతా తిరిగేది. మిసిసిపీ పత్తిరైతు బిడ్డ కడుపులోని పురుగును చంపినది, మన అమ్మమ్మలు కడుపునొప్పికి నమిలించిన వాములోని సత్తువే. ముందురోజు రాత్రి భేది ఉప్పు, తెల్లవారి రెండు విడతలుగా మందు గొట్టాలు, ఆపైన మళ్ళీ భేది ఉప్పు. ఆ రోజు నూనె, కొవ్వు, సారా తాకకూడదు. వాటిలో మందు కరిగి నెత్తురులోకి ఎక్కితే ప్రాణానికే ముప్పు. చదువురాని ఇళ్ళలో ఈ జాగ్రత్తలు పాటింపజేయడం చిన్న పని కాదు. కాగితం చదివి వినిపించడానికి బడికెళ్ళే బిడ్డ ఉన్న ఇంట్లో ఆ పని కొంత తేలిక.

వ్యతిరేకత లేకపోలేదు. స్టాండర్డ్ ఆయిల్ అధిపతికి దక్షిణాది పాదాలమీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టిందని పత్రికలు వెక్కిరించాయి. ఆయన చెప్పుల వ్యాపారంలోకి దిగబోతున్నాడని పుకారు పుట్టింది. జార్జియాలో మెథడిస్టు బిషప్ వారెన్ కాండ్లర్ దక్షిణాదికి ఉత్తరాది ధనికుడు చేస్తున్న అవమానంగా దీన్ని ఖండించాడు. (ఆయన అన్నగారే కోకాకోలా కంపెనీని నిలబెట్టిన ఏసా కాండ్లర్.) కోపంలో అహంకారం పాలు ఎంతైనా, అందులో ఒక న్యాయమైన ముక్క ఉంది. ఒక ప్రాంతం మొత్తాన్ని మురికిది అని పిలుస్తూ శుభ్రత నేర్పబోతే వినేవాడెవడు? రోజ్ ఈ సంగతి గ్రహించాడు. తన కమిషన్ పేరు వెనక ఉంచి, రాష్ట్ర ఆరోగ్యశాఖల పేరు ముందు పెట్టాడు. కౌంటీలచేత కూడా కొంత డబ్బు పెట్టించాడు. స్టైల్స్‌కు ఈ లౌక్యం లేదు. నోటికొచ్చింది అనేసి ఊళ్ళకు ఊళ్ళనే శత్రువులను చేసుకునేవాడు.

పాఠం చిక్కుపడింది మరుగుదొడ్డి దగ్గర. కమిషన్ ఉద్యోగులు రెండున్నర లక్షల పల్లె ఇళ్ళను చూసి వచ్చారు. వాటిలో సగానికి ఏ రకమైన మరుగుదొడ్డీ లేదు. ఉన్నవాటిలో ఎక్కువ భాగం నాలుగు పలకల మరుగు మాత్రమే. కింద మలం నేలపాలే. ఇళ్ళ సంగతి అలా ఉంచితే, ఈ పాఠం చెప్పిన బడులలోనే చాలావాటికి మరుగుదొడ్డి లేదు. బయట కూర్చోవద్దని గంటసేపు బోధించిన పంతులమ్మ, విరామం గంట కొట్టగానే పిల్లలను బడి వెనక తుప్పల్లోకే పంపవలసి వచ్చేది. ఏడాది పొడుగునా తుప్పలు చెప్పే పాఠం ముందు గంటసేపటి పాఠం ఏపాటిది? విలియం లింక్ అనే చరిత్రకారుడు 1988లో రాసిన ఒక వ్యాసంలో మరుగుదొడ్లనూ, బడులనూ, అప్పటి సంస్కరణోద్యమాన్నీ ఒకే దారంతో గుచ్చాడు. బడి భవనమే మారకుండా బడిపాఠం నిలవదన్న గ్రహింపు ఆనాటివారికి నెమ్మదిగా వచ్చింది. లమ్స్‌డెన్, రాబర్ట్స్, స్టైల్స్ ముగ్గురూ కలిసి పీపాలతో చవకగా కట్టుకునే ఒక మరుగుదొడ్డిని రూపొందించారు. వారి పేర్ల మొదటి అక్షరాలతో అది ఎల్.ఆర్.ఎస్. దొడ్డి అయింది. చవకే అయినా, ఏడాదికేడాది మారే కౌలురైతుకు తనది కాని నేలమీద దొడ్డి కట్టుకోవాలన్న కోరిక ఎందుకు పుడుతుంది? నేల యజమానికి ఆ ఖర్చు పెట్టవలసిన అవసరమేముంది? పిల్లవాడు నాన్నకు పాఠం ఒప్పజెప్పగలడు. కౌలుపత్రం మార్చలేడు.

పత్తిమిల్లుల విషయంలో ఈ చిక్కు మరింత ముదిరింది. మిల్లులలో పన్నెండు గంటలు పనిచేసే పిల్లలు పాలిపోయి ఉండటానికి కారణం చాకిరీ కాదు, పొలాలనుంచి తెచ్చుకున్న కొంకిపురుగు అని స్టైల్స్ వాదించాడు. మిల్లులో మరుగుదొడ్డి అయినా ఉంది, పొలంలో అదీ లేదు కాబట్టి పిల్లలకు మిల్లే మేలన్నాడు. పురుగు విషయంలో ఆయన లెక్క తప్పు కాకపోవచ్చు. ఆ లెక్కను ఎవరు ఎందుకు వాడుకుంటారో ఆయన చూసుకోలేదు, లేదా చూసీ ఊరుకున్నాడు. మిల్లు యజమానులు ఆ వాదాన్ని రెండు చేతులా అందుకున్నారు. బాలకార్మిక వ్యవస్థపై పోరాడుతున్న మెకెల్వే వంటివారు మండిపడ్డారు. శుభ్రత పాఠం పేదరికాన్ని కప్పిపెట్టే దుప్పటిగా మారడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

జాతి సంగతి ఇంకా చేదు. శిబిరాలలో నల్లవారికీ వైద్యం జరిగింది. అయితే ఈ పురుగు ఆఫ్రికానుంచి వచ్చిందన్న మాటను ఆసరా చేసుకుని, తెల్లవారి ఆరోగ్యానికి నల్లవారే ముప్పు అన్న వాదం కూడా పెరిగింది. స్టైల్స్ రాతలు దానికి బలమిచ్చాయి. వాళ్ళు ఆ నేలకు తమంత తాము రాలేదనీ, గొలుసులతో తెచ్చినవారు వేరే ఉన్నారనీ ఆ వాదనలో ఎక్కడా కనబడదు.

ఇంతలో నల్లవారి బడులు తమ దారి తాము వేసుకున్నాయి. టస్కీగీలో బుకర్ టి. వాషింగ్టన్ విద్యార్థికి పళ్ళు తోముకునే బ్రష్ తప్పనిసరి చేసి, దాన్ని ఒక మతంలా బోధించిన సంగతి ఆయన ఆత్మకథ ‘అప్ ఫ్రమ్ స్లేవరీ’ చదివినవారికి తెలుసు. 1915లో ఆయన పిలుపుతో మొదలైన నల్లజాతి ఆరోగ్యవారం దశాబ్దాలపాటు ఏటేటా సాగింది. బడిపిల్లలు ముందుండి ఊళ్ళు ఊడ్చారు, గోడలకు సున్నం వేశారు. వీటికంటె ముఖ్యమైనది భవనాల కథ. సియర్స్ రోబక్ వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్ సాయంతో, టస్కీగీ ప్రణాళికలతో, 1930ల ఆరంభం నాటికి దక్షిణాదిలో దాదాపు ఐదువేల పల్లెబడులు లేచాయి. బడికి తగిన మరుగుదొడ్లు ఆ ప్రణాళికలోనే చేరి ఉండేవి. పెద్ద కిటికీలు, గాలి, వెలుతురు కూడా లెక్క ప్రకారమే. రోజెన్‌వాల్డ్ ఇచ్చినదానికంటె నల్లజాతి రైతులూ కూలీలూ తమ చెమటసొమ్ములోంచి కూడబెట్టినది కాస్త ఎక్కువే. కొంకిపురుగు కమిషన్ చరిత్రకూ రోజెన్‌వాల్డ్ బడుల చరిత్రకూ వేర్వేరు పుస్తకాలున్నాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. మొదటిది పాఠం ముందు చెప్పి దొడ్డికోసం వెదికింది. రెండవది పాఠంతోపాటే దొడ్డి కట్టింది.

కమిషన్ 1914 చివర మూతపడింది. నాలుగు లక్షలకు పైబడిన జనానికి మందు అందింది. నిర్మూలన మాత్రం జరగలేదు. తరువాత తిరిగి చూసినప్పుడు చాలాచోట్ల పురుగు మళ్ళీ కనబడింది. అయినా మేలు జరగలేదనడానికి వీల్లేదు. ఆర్థికవేత్త హోయట్ బ్లీక్లీ 2007లో పాత జనాభా లెక్కలు తిరగేసి, వ్యాధి ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో ఉద్యమం తరువాత బడి హాజరు, అక్షరాస్యత తక్కిన ప్రాంతాలకంటె త్వరగా పెరిగాయనీ, ఆ పిల్లలు పెద్దయ్యాక సంపాదన కూడా పెరిగిందనీ చూపించాడు. ఆ లెక్కలలో కొన్నిటిని తరువాతివారు ప్రశ్నించారు. వాదం ఇంకా నడుస్తూనే ఉంది. మొద్దు అనిపించుకున్న పిల్లవాడు ముందు బల్లకు మారాడన్నంతవరకు అనుమానించడం కష్టం.

రోజ్ ఆ పద్ధతినే మూటగట్టుకుని ప్రపంచానికి బయలుదేరాడు. 1916లో సిలోను తోటలలో, 1920ల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో రాక్‌ఫెల్లర్ వైద్యులు కొంకిపురుగు పని చేపట్టారు. చెప్పు లేని పాదం, ఆరుబయలు, తడి మట్టి: మిసిసిపీకీ మనకూ తేడా భాషలోనే. భారతదేశంలో ఏటా ఫిబ్రవరి 10న బడులలో, అంగన్‌వాడీలలో పిల్లలచేత మాత్రలు మింగించే నులిపురుగుల దినం 2015లో మొదలైంది. బడినే వైద్యశాల వాకిలి చేసుకోవాలన్న రోజ్ ఆలోచనకు అది దూరపు బంధువు.

టస్కీగీకి ఎంతో దూరం లేని లౌండెస్ కౌంటీ, అలబామాలో ఈ కథకు ఒక కొత్త అధ్యాయం ఉంది. అక్కడి నల్లరేగడి నేల నీరు ఇంకనివ్వదు. మామూలు సెప్టిక్ ట్యాంకు పనిచేయదు, పనిచేసేదాన్ని పెట్టించుకునే స్తోమత పేదలకు లేదు. గొట్టం ఒకటి ఇంట్లోంచి పెరట్లోకి సాగుతుంది, మురికి అక్కడే మడుగు కడుతుంది. ఆ కౌంటీలోనే పెరిగిన కేథరీన్ కోల్‌మన్ ఫ్లవర్స్ తన పుస్తకం ‘వేస్ట్’ (2020)లో ఈ పెరళ్ళను కళ్ళకు కట్టింది. అలాంటి ఒక ఇంటికి వెళ్ళివచ్చాక ఆమె ఒంటిమీద దద్దుర్లు లేచాయి. అమెరికా వైద్యులు ఇక ఈ దేశంలో లేదనుకుని వెదకడం మానేసిన జబ్బేదైనా ఉందా అని ఆమెకు అనుమానం కలిగింది. ఆ ప్రశ్న పీటర్ హోటెజ్ బృందాన్ని అక్కడికి రప్పించింది. 2017లో వెలువడిన వారి చిన్న పరిశీలనలో, 55 మందిలో మూడోవంతుకు పైగా నెకేటర్ అమెరికానస్ ఆనవాళ్ళు కనబడ్డాయి. ఆ తరువాత అలబామాలోని అదే నేలల ప్రాంతంలో పిల్లలను పెద్ద సంఖ్యలో పరీక్షించినప్పుడు కొంకిపురుగు దొరకలేదు. పురుగు ఉందా లేదా అన్నది పరిశోధకులు తేల్చుకోవలసిన విషయం. మడుగులు ఉన్నాయన్నదానిలో ఎవరికీ సందేహం లేదు. కేంద్ర న్యాయశాఖ విచారణ జరిపి, 2023లో అలబామా ఆరోగ్యశాఖచేత మురుగునీటి ఏర్పాట్లపై ఒక ఒప్పందం చేయించింది. 2025 ఏప్రిల్‌లో ఆ న్యాయశాఖే దాన్ని రద్దు చేసింది.